కాలేజీ పిల్లలకి చదువులో తోడు: హాస్టల్‌కి వెళ్లాలా, ఫోన్లో మాట్లాడాలా, సప్లీ క్లాసు చెప్పాలా?

"వారానికో గంట ఇవ్వగలను. కాలేజీ పిల్లలకి చదువులో ఏదైనా సాయం చేయాలని ఉంది. ఎక్కడ చేరితే మంచిది?" మా ఆఫీసులో ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా ఈ మాట అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఆ గంట ఏ రోజు, ఎన్నింటికి? సగంమందికి అక్కడే మాట ఆగిపోతుంది. "వీకెండ్‌లో, వీలు చూసుకుని..." అంటారు. వీలు చూసుకుని చేసేవాళ్లకి తగిన పని కూడా ఒకటుంది, చివర్లో చెప్తాను. కానీ వారం వారం విద్యార్థికి తోడుండే కోచ్ పని అలా కుదరదు.

నేను జేఎన్‌టీయూ కింద ఒక ప్రైవేటు కాలేజీలో ఈసీఈ చదివాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఏడేళ్లుగా ఈ పని మూడు రకాలుగా చేసి చూశాను: అమ్మాయిల హాస్టల్‌కి ఆదివారాలు వెళ్లడం, ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఒక్క విద్యార్థినితో ఫోన్లో మాట్లాడటం, తప్పిన సబ్జెక్టు మళ్లీ రాసే సప్లీ (సప్లిమెంటరీ) వాళ్లకి పరీక్షల ముందు లెక్కలు చెప్పడం. మొదటిది సగం నా చేతులతోనే చెడగొట్టాను. మూడోది నాకు పడలేదు. రెండోది ఇప్పటికీ చేస్తున్నాను. నా మొగ్గు ఎటో ఇక్కడే చెప్పేస్తున్నాను, చదివేటప్పుడు ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

ఏ సంస్థలో పేరు ఇవ్వకముందే ఒక చిన్న పని చేయండి. మీరు ఇవ్వాలనుకున్న గంటని వరుసగా నాలుగు వారాలు ఆఫీసు క్యాలెండర్‌లో ఖాళీగా పెట్టి చూడండి. నాలుగు వారాల్లో ఎన్నిసార్లు మీటింగో, పెళ్లో, ట్రాఫిక్కో దాన్ని మింగేసిందో లెక్కేయండి. మూడుసార్లు నిలబడితే పర్వాలేదు. రెండుసార్లే నిలబడితే వేరే రోజు చూసుకోవాలి. మీ డిగ్రీ ఏంటి, ఇంగ్లిష్ ఎంత బాగా మాట్లాడతారు అన్నవాటికంటే ఇదే ఎక్కువ తేలుస్తుంది.

అసలు కోచ్ ఏం చేస్తారు

మన దగ్గర ఈ మాటతోనే చిక్కు. కోచింగ్ అనగానే ఎంసెట్ కోచింగ్, గ్రూప్స్ కోచింగ్, అమీర్‌పేట బోర్డులు గుర్తొస్తాయి. నేను మొదట్లో ఒకమ్మాయికి "నీ అకడమిక్ కోచ్‌ని" అని పరిచయం చేసుకుంటే "ఫీజెంత మేడమ్?" అంది. అప్పట్నుంచి ఆ మాట వాడటం మానేశాను.

ఇది ట్యూషన్ కాదు, ఉద్యోగం ఇప్పించడం అంతకన్నా కాదు. మరేంటో చెప్పడానికి ఒక మార్కుల మెమో చూపిస్తాను.

ఒకమ్మాయికి ఎం-1 (మ్యాథమెటిక్స్-1) పోయింది. మెమో ఫొటో వాట్సాప్‌లో పంపింది. ఇంటర్నల్ 21, ఎక్స్‌టర్నల్ 24, మొత్తం 45. "నలభై దాటితే పాస్ కదక్కా, మరి ఎందుకు పోయింది?" అని అడిగింది. వాళ్లది జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 రెగ్యులేషన్, అంటే 2018లో వచ్చిన నియమావళి. అందులో వందకి 40 రావాలన్నది ఒక షరతు. 75 మార్కుల ఎక్స్‌టర్నల్‌లో విడిగా 26 రావాలన్నది ఇంకో షరతు. రెండోది ఆమెకి తెలియదు. ఇంటర్నల్స్‌లో 21 చేతిలో ఉన్నాయి కదా, ఇంకో పందొమ్మిది తెచ్చుకుంటే గట్టెక్కుతాననుకుని చివరి రెండు యూనిట్లు వదిలేసింది. లెక్కలు రాక పోయిన సబ్జెక్టు కాదది, రూలు తెలియక పోయింది.

తర్వాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకున్నాం. పార్ట్-ఎ 25 మార్కులు, చాయిస్ లేదు. రెండు మార్కులవి ఐదు, మూడు మార్కులవి ఐదు. పార్ట్-బిలో యూనిట్‌కో పది మార్కుల ప్రశ్న, ఇదో అదో రాసుకోవచ్చు. ఆమె పార్ట్-బితో మొదలుపెట్టి, ఒక ఐగెన్ వాల్యూస్ లెక్కతో ముప్పావుగంట కుస్తీ పట్టి, పార్ట్-ఎకి వచ్చేసరికి పావుగంటే మిగిలిందట. ఆ సాయంత్రం నేను ఒక్క లెక్క కూడా చెప్పలేదు. వాచీ ఎదురుగా పెట్టుకుని పార్ట్-ఎ ముందుగా, నలభై నిమిషాల్లో రాయడం మూడు వారాలు అలవాటు చేసుకోమన్నాను. చేసుకుంది. సప్లీలో బయటపడింది.

తర్వాత వచ్చిన ఆర్22 వాళ్లకి ఈ లెక్క మారింది. ఇంటర్నల్స్ 40, ఎక్స్‌టర్నల్ 60. ఇంటర్నల్స్‌లో 14, ఎక్స్‌టర్నల్‌లో 21, కలిపి 40 ఉండాలి. పార్ట్-ఎ పది మార్కులకి తగ్గింది. ఇవి హైదరాబాద్ రూల్సు. కాకినాడ, అనంతపురం జేఎన్‌టీయూలు 2008లో విడిపోయినప్పట్నుంచి ఎవరి పుస్తకం వాళ్లదే. డిగ్రీ కాలేజీలు వేరే యూనివర్సిటీల కింద ఉంటాయి. కాబట్టి మీరు మొదట తెరవాల్సింది ఆ పిల్లల రెగ్యులేషన్ బుక్. పిల్లలు దాన్ని తెరవరు. నా బీటెక్ నాలుగేళ్లలో నేనూ తెరవలేదు.

రోజువారీ పని ఇలా ఉంటుంది: ఈ వారం ఏం చదవాలో కలిసి రాసుకోవడం, అటెండెన్స్ 75 శాతం కిందికి జారుతోందేమో చూడటం, పోయినవారం చదివింది పుస్తకం మూసి చెప్పించుకోవడం, లెక్చరర్ దగ్గరికెళ్లి డౌట్ అడిగే ధైర్యం ఇవ్వడం. ఆ సబ్జెక్టు మీకు రాకపోయినా జరుగుతుంది. నేను ఒక బీఎస్సీ జువాలజీ అమ్మాయితో రెండు సెమిస్టర్లు మాట్లాడాను. కప్ప జీర్ణవ్యవస్థ గురించి నాకు తెలిసిందల్లా ఆమె నాకు చెప్పిందే. నాకు చెప్పడం వల్ల ఆమెకి వచ్చింది.

హాస్టల్‌కి వెళ్లి కూర్చోవడం

రిటైరైన లెక్చరర్లకి, జిల్లా కేంద్రాల్లో, చిన్న పట్టణాల్లో ఉండేవాళ్లకి ఇది అన్నిటికంటే మంచి దారి. పోస్ట్‌మెట్రిక్ హాస్టల్లో (పదో తరగతి దాటినవాళ్లు ఉండేది) ఒకే గదిలో ఒకమ్మాయి బీకాం, ఒకమ్మాయి పాలిటెక్నిక్, ఇంకొకమ్మాయి బీటెక్ ఉంటారు. మనిషి ఎదురుగా ఉంటే పుస్తకం తెరుస్తారు. ఫోన్లో ఈ సదుపాయం లేదు.

నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చేయకండి. మొదటి ఆదివారం ముందు నోటీసు బోర్డు మీద "బ్యాక్‌లాగ్స్ ఉన్నవారికి ప్రత్యేక తరగతి" అని కాగితం అంటించాను. నలుగురు వచ్చారు. అందులో ఇద్దరిని వార్డెన్ మేడమ్ తోసి పంపింది. సబ్జెక్టులు పోయాయని పదిమంది ముందు ఒప్పుకుని ఎవరొస్తారు? అమెరికాలోని మిస్సోరీ యూనివర్సిటీ కాన్సాస్ సిటీ క్యాంపస్‌లో 1973లోనే ఈ చిక్కుకి ఒక విరుగుడు కనిపెట్టారు. వెనకబడ్డ విద్యార్థులు ఎవరని వెతకరు, ఎక్కువమంది తప్పుతున్న సబ్జెక్టు ఏదని చూస్తారు. ఆ సబ్జెక్టు బాగా పాసైన సీనియర్‌ని పెట్టి, ఎవరైనా రావొచ్చంటారు. సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ అని దానికి పేరు. ఇది తెలిశాక మా కాగితం చింపేసి "ఎం-1 స్టడీ అవర్, అందరూ రావొచ్చు" అని అంటించాను. మొదట బాగా చదివే పిల్లలు వచ్చారు, వాళ్ల వెనకాల నాకు కావలసినవాళ్లూ వచ్చారు.

రెండో తప్పు ఆదివారం. హాస్టల్లో ఆదివారమంటే బట్టలుతుక్కోవడం, తలంట్లు, మధ్యాహ్నం చికెన్, ఊరి నుంచి అమ్మానాన్నలు రావడం. వాటితో ఏ క్లాసూ పోటీ పడలేదు. మామూలు రోజు సాయంత్రం స్టడీ అవర్ ఉంటుంది, వెళ్తే అప్పుడే వెళ్లాలి. నాకది కుదరదు. రానూపోనూ నాలుగు గంటల ప్రయాణం పెట్టుకుని గంట కూర్చోవడం ఎనిమిది నెలలకే నన్ను అలిసిపోయేలా చేసింది. హాస్టల్ మీ ఇంటికి అరగంట దూరంలో లేకపోతే ఈ దారి వద్దని నా సలహా. ఆవేశంలో గంటన్నర దూరం కూడా దగ్గరే అనిపిస్తుంది, జాగ్రత్త.

డిగ్రీ పిల్లల దగ్గర కూర్చుంటే ఇంకోటి కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియమే అయింది. ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లకి విషయం తెలిసినా ప్రశ్న అర్థం కాదు. "డిస్టింగ్విష్ బిట్వీన్" అని అడిగితే ఒకమ్మాయి ఇది ఒక పేజీ, అది ఒక పేజీ రాసి వచ్చింది. తేడాలు అడిగారని తెలియదు. పేజీ మధ్యలో నిలువు గీత గీసి అటొకటి ఇటొకటి రాయమని చెప్తే, "ఇంతేనా అక్కా?" అంది. డిఫైన్, డిస్కస్, ఇలస్ట్రేట్, జస్టిఫై, వెరిఫై... ఇలాంటి మాటలు ఓ పదిహేను ఉంటాయి. వాటిని ఒక చార్టు మీద రాసి, పక్కన తెలుగులో ఏం చేయాలో రాసి గోడకి అంటించండి. ఇంత తక్కువ శ్రమకి ఇంత ఫలితం నేను మరెక్కడా చూడలేదు.

అనుమతి సంగతి: ప్రభుత్వ హాస్టల్ అయితే వార్డెన్ సరేనంటే సరిపోదు. వార్డెన్ బదిలీ అవుతారు, కొత్తగా వచ్చినవాళ్లు "మీరెవరు?" అంటారు. ఆ శాఖ జిల్లా అధికారి దగ్గర కాగితం తీసుకోండి. మగవాళ్లు అమ్మాయిల హాస్టల్‌కి కాకుండా, పగటిపూట కాలేజీ లైబ్రరీలో, ఒక లెక్చరర్ ఉండగా కలవడం అందరికీ మంచిది.

ఫోన్లో ఒక్కరితో

ఉద్యోగం చేసేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే. వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే సమయానికి, ఒక్క విద్యార్థితో ఒక సెమిస్టర్ అంతా. నాది మంగళవారం రాత్రి తొమ్మిది. హాస్టల్లో భోజనాలు ఎనిమిదిన్నరకి అయిపోతాయి. నలభై నిమిషాలు మాట్లాడతాం. వీడియో పెట్టం, ఆ అమ్మాయి డేటా అయిపోతుంది. అరగంట ముందు ఆ వారం రాసిన నోట్సులో రెండు పేజీలు ఫొటో తీసి పంపాలి, అదొక్కటే నియమం. ఫొటో రాలేదంటే ఆ వారం ఏదో జరిగిందని నాకు ముందే తెలుస్తుంది.

సొంతంగా కాకుండా సంస్థ ద్వారా చేరండి. బెంగళూరులో మొదలైన మెంటార్ టుగెదర్ ఉంది. ఇంజినీరింగ్ చదివే అమ్మాయిల కోసం కాటలిస్ట్ ఉంది. 1994 నుంచి పేద విద్యార్థులకి స్కాలర్‌షిప్‌లిస్తున్న ఫౌండేషన్ ఫర్ ఎక్సలెన్స్ కూడా తమ విద్యార్థులకి మెంటార్లని కలుపుతుంది. ఎక్కడ చేరినా నాలుగు విషయాలు అడగండి: ఎన్ని నెలలు ఉండాలి, మొదట్లో శిక్షణ ఉందా, నా గుర్తింపు పత్రాలు చూస్తారా, కష్టమొస్తే ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉన్నారా. మూడోదానికి "అవసరం లేదండీ, మీ మీద నమ్మకం" అంటే అక్కడ చేరకండి. వాళ్ల నమ్మకం ఆ పిల్లకి రక్షణ కాదు.

నాలుగోది ఎందుకంటే, నా రెండో విద్యార్థిని మూడు వారాలు ఫోన్ ఎత్తలేదు. ఆసక్తి పోయిందనుకుని నాలో నేను చిన్నబుచ్చుకున్నాను. సంస్థ కోఆర్డినేటర్ ఇంటికి కబురు పంపితే తెలిసింది: ఇంట్లో ఉన్నది ఒకటే ఫోన్, తమ్ముడు దాన్ని పనికి పట్టుకెళ్తున్నాడు. నా నంబర్ ఆమెకి నోటికి రాదు. అప్పట్నుంచి మొదటి రోజే నంబర్ నోట్‌బుక్ అట్ట లోపల రాయించుకుంటున్నాను.

ఇందులో లోటు లేదని కాదు. మొదటి నెలంతా "ఆ మేడమ్", "ఊ మేడమ్", "చదువుతున్నా మేడమ్" తప్ప ఏమీ వినపడదు. "అక్కా" అనడానికి రెండు నెలలు పట్టొచ్చు. ఫలితం కళ్లకి కనిపించదు. ఏడాది చివర చూసుకుంటే మీరు సాయపడింది ఒక్కరికి. ఈ లెక్క నచ్చనివాళ్లు మూడో వారానికే మానేస్తారు. మధ్యలో మానేస్తే అసలు మొదలుపెట్టకపోవడం కంటే చెడు, ఎందుకంటే ఆ పిల్ల దాన్ని కూడా తన ఖాతాలోనే వేసుకుంటుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకి కూడా ఇది కుదురుతుంది. ఇక్కడ శనివారం రాత్రి తొమ్మిదైతే న్యూజెర్సీలో చలికాలం పొద్దున పదిన్నర, వేసవిలో పదకొండున్నర. మార్చిలో, నవంబర్‌లో మీ గడియారం మారిన వారం ముందుగా ఒక మెసేజ్ పెట్టండి. లేకపోతే హాస్టల్ వరండాలో ఒక పిల్ల గంటసేపు ఫోన్ పట్టుకుని నిలబడుతుంది.

సప్లీ క్లాసు

సబ్జెక్టు మీద పట్టున్నవాళ్లకి, రెండు నెలలకి మించి మాటివ్వలేనివాళ్లకి ఇది సరిపోతుంది. ఆరు వారాలు, వారానికి రెండు క్లాసులు, పరీక్షతో ముగిసిపోతుంది. ఎంతమంది పాసయ్యారో తెలుస్తుంది గనక చేసినవాళ్లకి తృప్తి.

నాకెందుకు పడలేదంటే, రెండో క్లాసుకే "ఇంపార్టెంట్ క్వశ్చన్స్ చెప్పండి మేడమ్" మొదలవుతుంది. చెప్పకపోతే రారు. చెప్తే మీరు నడిచే ఆల్-ఇన్-వన్ అయిపోతారు. పోయిన సబ్జెక్టు వస్తుంది, పోగొట్టిన అలవాటు అలాగే ఉంటుంది. పైగా చెప్పడానికైతే ఐఐటీ వాళ్ల ఎన్‌పీటెల్ పాఠాలు ఎప్పట్నుంచో ఉచితంగా ఉన్నాయి, అవి నాకంటే బాగా చెప్తాయి. అయినా చేయాలనుకుంటే, మీరు చెప్పడం కంటే పోయినేడే ఆ సబ్జెక్టు సప్లీలో గట్టెక్కిన సీనియర్ చేత చెప్పించి, మీరు వెనక బెంచీలో కూర్చోండి.

మన కాలేజీకి మనమే

పూర్వ విద్యార్థిగా చేరడం సులువు, ఒక ఫోన్ కాల్‌తో అయిపోతుంది. కానీ మూడో వారానికల్లా సంభాషణ "అన్నా, మీ కంపెనీలో రెఫరల్ ఇస్తారా?" దగ్గరికి చేరుతుంది. అందుకే ఫైనలియర్ వాళ్లని కాకుండా ఫస్టియర్, సెకండియర్ వాళ్లని అడగండి. ఇంకోటి, కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ల కోసం చాలా కాలేజీల్లో మెంటార్లు ఎవరు, ఒక్కొక్కరికి విద్యార్థులెంతమంది అని ఒక రిజిస్టర్ ఉంటుంది. అంటే మీ విద్యార్థికి కాగితం మీద ఇప్పటికే ఒక లెక్చరర్ మెంటార్‌గా ఉండొచ్చు. ఆయన్ని దాటేసి వెళ్లకండి, ఒకసారి కలిసి మాట్లాడండి. కొందరు నిజంగానే సంతోషిస్తారు.

అమెరికాకి మాస్టర్స్‌కి వెళ్లిన పిల్లలు

అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లు ఎయిర్‌పోర్టు పికప్, మొదటి వారం భోజనం దాకా బాగా చూసుకుంటారు. చదువు దగ్గర ఎవరూ కూర్చోరు. కూర్చోవాల్సింది మొదటి అసైన్‌మెంట్ రాకముందు. ఇక్కడ ల్యాబ్ రికార్డు అంటే సీనియర్ రికార్డు చూసి రాయడం, బొమ్మలతో సహా. అదే అలవాటుతో అక్కడ రూమ్మేట్ కోడ్ తీసుకుని రెండు పేర్లు మార్చి పెడితే, అకడమిక్ ఇంటెగ్రిటీ కేసు, అంటే కాపీ కేసు అవుతుంది. తప్పు చేశామని కూడా పిల్లలకి తెలియదు. మాస్టర్స్‌లో చాలా చోట్ల 3.0 జీపీఏ కింద పడితే ప్రొబేషన్, అంటే హెచ్చరిక కింద పెడతారు. ఇవి రెండూ చదువు మొదలయ్యే ఆగస్టులోనే చెప్పాలి. యూనివర్సిటీలోనే ఉచితంగా రైటింగ్ సెంటర్, ట్యూటరింగ్ ఉంటాయి, అక్కడికి మొదటిసారి మీరే వెంటబెట్టుకుని వెళ్లండి. వీసా ప్రశ్నలకి మాత్రం మీ అనుభవం చెప్పకండి, ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకి పంపించండి.

ఎక్కడ చేరినా వద్దనుకోవాల్సినవి

డబ్బు ఇవ్వకండి. ఫీజు కట్టాల్సిన అవసరమొస్తే సంస్థకి చెప్పండి. మీరు ఇచ్చిన మరుక్షణం ఆ పిల్ల మీతో నిజం చెప్పలేదు, చదవలేదని అసలే చెప్పలేదు. అసైన్‌మెంట్ మీరు రాయకండి. ఇంట్లో గొడవల్లో మధ్యవర్తి కాకండి. బతకాలని లేదన్న మాట ఎప్పుడైనా వినిపిస్తే, సలహాలు మొదలుపెట్టకుండా మాట్లాడనివ్వండి. ఆ సమయంలో ఒంటరిగా వదలకుండా దగ్గర ఉన్న మనిషికి తెలిసేలా చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 కి ఫోన్ చేయించండి. అది ఉచితం, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఫలితాలు వచ్చే వారాల్లో ఈ నంబర్ నా ఫోన్లో పైనే ఉంటుంది.

వీలు చూసుకుని చేసేవాళ్లకి

చూపు లేని విద్యార్థులకి పరీక్ష రాసిపెట్టే స్క్రైబ్‌లు ఎప్పుడూ తక్కువే. ఏడాదికి రెండు మూడు రోజులు చాలు. 2025లో కొత్తవి వచ్చేదాకా ఉన్న 2018 కేంద్ర మార్గదర్శకాల్లో వాళ్లకి గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని ఉండేది, ఆ లెక్కన మూడు గంటల పరీక్షకి నాలుగు గంటలు కూర్చోవాలి. విద్యార్థి సొంతంగా స్క్రైబ్‌ని తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ చదువు విద్యార్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని కూడా అందులోనే ఉండేది. అందుకని డిగ్రీ పరీక్షకి మీరు పనికిరాకపోవచ్చు, ఇంటర్ పాసైన మీ అబ్బాయి పనికిరావచ్చు. ఇలాంటి రూల్సు మారుతుంటాయి, ముందు పరీక్షల విభాగంలో అడిగి వెళ్లండి. మీకు మిగిలే పని పాఠ్యపుస్తకం గట్టిగా చదివి రికార్డు చేసి పంపడం. రాత్రి పదకొండింటికైనా చేసుకోవచ్చు.

మొదటి ఫోన్‌కి సిద్ధమైనవాళ్లకి ఒక్క మాట. "ఎలా చదువుతున్నావ్?" అని అడగకండి, "బాగానే మేడమ్" అని వస్తుంది, మాట అక్కడితో అయిపోతుంది. "నిన్న రాత్రి ఏ పుస్తకం తీశావ్? ఎన్నో పేజీలో ఆగావ్?" అని అడగండి. కాసేపు ఏమీ వినపడదు. తర్వాత పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తుంది. తొందరపెట్టకండి, వెతుక్కోనివ్వండి.